ముప్పై ఒకటో రోజు బిల్లుపై తెలుగు పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది మీరు. ఎవరు ఏ పార్టీ అన్నదానితో నిమిత్తం లేకుండా ఈ లేఖ అందరికీ రాస్తున్నాను. 2025 ఆగస్టు 20న కేంద్ర హోంమంత్రి లోక్‌సభలో ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు గురించి మీలో కొందరికి ఇదివరకే ఉత్తరాలు రాశాం. జవాబు రాలేదు. ఒక సభలో వేదిక దిగి కారెక్కుతున్న ప్రజాప్రతినిధిని ఆపి అడిగితే, "అదంతా పైవాళ్లు చూసుకుంటారండీ, మీకెందుకు ఆ బెంగ?" అని నవ్వి వెళ్లిపోయారు. పైవాళ్లే చూసుకునేటట్లయితే ఓటు అడగడానికి కూడా పైవాళ్లే రావాల్సింది. అందుకే అడగదలచుకున్నదేదో ఇక అందరి ఎదుటా అడుగుతున్నాను.

నేను జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, నంద్యాలవాణ్ణి. ఏ పార్టీ సభ్యత్వమూ లేదు.

బిల్లు చెప్పేది ఇది. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే అవకాశమున్న నేరారోపణపై అరెస్టయి వరుసగా 30 రోజులు కస్టడీలో ఉన్న మంత్రిని 31వ రోజుకల్లా తొలగించాలి. అదే ప్రధానమంత్రి గానీ ముఖ్యమంత్రి గానీ అయితే 31వ రోజుకల్లా తానే రాజీనామా చేయాలి. చేయకపోతే ఆ మర్నాటి నుంచి పదవి దానంతటదే పోతుంది. విడుదలయ్యాక మళ్లీ నియమించవచ్చు. ఇందుకోసం రాజ్యాంగంలోని 75, 164, 239ఏఏ అధికరణాలను సవరిస్తారు. నేరం రుజువు కావాలని బిల్లు అడగదు. కోర్టు అభియోగాలు నమోదు చేయాలనీ అడగదు. చివరికి పోలీసులు ఛార్జిషీటు వేసి ఉండాలని కూడా అడగదు. నెల రోజులు లోపల ఉంటే చాలు.

ఇలాంటి బిల్లు ఊరికే పుట్టలేదని నాకూ తెలుసు. ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ 2024 మార్చి 21న అరెస్టయి సెప్టెంబరు 13న బయటికొచ్చే దాకా, మధ్యలో ఎన్నికల ప్రచారానికి దొరికిన మూడు వారాలు పోను, జైల్లోనే ఉన్నారు. పదవి మాత్రం వదల్లేదు. ఆ ఏప్రిల్‌లో ఢిల్లీ మునిసిపల్ బడి పిల్లలకు పుస్తకాలు అందని వ్యవహారం హైకోర్టుకెక్కింది. ముఖ్యమంత్రి పదవిలో కొనసాగడం ఆయన సొంత నిర్ణయమే కావచ్చు గానీ అందుకు పిల్లల హక్కులు బలి కాకూడదని కోర్టు చీవాట్లు పెట్టింది. జైలు గదిలోంచి ప్రభుత్వం నడపడం ఏ రకంగానూ సమర్థించదగింది కాదు. దానికి మందు ఉండాలి. ఈ బిల్లు ఇస్తున్న మందు రోగి ప్రాణం మీదికి తెస్తుందన్నదే నా అభ్యంతరం.

ఆ 30 రోజుల లెక్కే చూడండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 187వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు పూర్తి చేసి ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 60 రోజుల గడువు ఉంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకైతే 90 రోజులు. ఆ గడువు లోపల బెయిలు రాకపోవడం మన కోర్టుల్లో మామూలే. మనీ లాండరింగ్ చట్టంలోనైతే మరీ కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలు ఉన్నాయని జడ్జి తృప్తి చెందితే గానీ 45వ సెక్షన్ కింద బెయిలు రాదు. అంటే ఆరోపణ ఏమిటో కాగితం మీద పూర్తిగా రాసి కోర్టుకు ఇవ్వడానికి పోలీసులకు ఉన్న గడువు సగం గడిచేసరికి, కోట్ల మంది ఎన్నుకున్న మనిషి పదవి పోతుంది. ఇందులో జడ్జి చేయాల్సిన తప్పేమీ లేదు. రిమాండు పొడిగిస్తూ పోతే సరిపోతుంది.

దర్యాప్తు సంస్థల పనితీరు ఎలా ఉందో ప్రభుత్వమే 2025 మార్చిలో రాజ్యసభకు చెప్పింది. 2015 ఏప్రిల్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు రాజకీయ నాయకుల మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) పెట్టిన కేసులు 193. అందులో శిక్ష పడినవి 2. మిగతావాళ్లంతా నిర్దోషులని నేను అనను, చాలా కేసులు ఇంకా నడుస్తున్నాయి. ఆ నడుస్తున్న కాలంలో పదవి ఎవరి చేతిలో ఉండాలన్నదే మన ముందున్న ప్రశ్న. జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ 2024 జనవరి 31న రాజీనామా చేసి అరెస్టయ్యారు. అయిదు నెలల తర్వాత జూన్ 28న హైకోర్టు బెయిలిస్తూ, ఆయన ఆ నేరం చేయలేదని నమ్మడానికి ప్రాథమికంగా కారణాలున్నాయంది. జులై 4న మళ్లీ ప్రమాణం చేశారు. ఆ మధ్యకాలంలో రాష్ట్రానికి ఇంకొక ముఖ్యమంత్రి వచ్చి పోయారు.

గెలిచినవాణ్ణి చట్టం పేరుతో ఆపడం అలవాటైతే దేశం ఏమవుతుందో తెలుసుకోవాలంటే థాయిలాండ్‌ను చూడాలి. మనవాళ్లు విహారానికి వెళ్లొచ్చే దేశమే, అక్కడి రాజ్యాంగం మాత్రం ఎవరికీ పట్టదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

2014 మే 22న జనరల్ ప్రయుత్ చాన్-ఓ-చా సైనిక కుట్రతో అధికారం పట్టారు. ఆ తర్వాత రాయించుకున్న 2017 రాజ్యాంగం 272వ సెక్షన్‌లో ఒక ఏర్పాటు పెట్టారు. మొదటి అయిదేళ్లు ప్రధానిని 500 మంది ఎన్నికైన సభ్యులు మాత్రమే ఎన్నుకోరు. సైనిక ప్రభుత్వం నియమించిన 250 మంది సెనేటర్లు కూడా కలిసి ఓటేస్తారు. 2019లో ప్రయుత్ ప్రధాని అయ్యేటప్పుడు ఆ 250 మందిలో 249 మంది ఆయనకే ఓటేశారు. మిగిలిన ఒక్కరు సభాధ్యక్షులు, మర్యాద కోసం ఓటు వేయలేదు.

2023 మే 14న మళ్లీ ఎన్నికలు జరిగాయి. పీటా లిమ్‌జరొన్‌రాత్ నాయకత్వంలోని మూవ్ ఫార్వర్డ్ పార్టీ 151 స్థానాలతో అందరికంటే ముందు నిలిచింది. కోటీ నలభై లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న ఫ్యూ థాయ్‌తో సహా ఎనిమిది పార్టీలు కలిస్తే 500లో 312. మన లెక్కలో అది తిరుగులేని మెజారిటీ. జులై 13న ఉమ్మడి సమావేశంలో పీటాకు వచ్చిన ఓట్లు 324, కావలసినవి 375. సెనేటర్లలో ఆయనకు ఓటేసినవారు 13 మంది. రాజు ప్రతిష్ఠకు సంబంధించిన 112వ సెక్షన్‌ను సవరిస్తామన్న ఆయన ఎన్నికల హామీ వారికి నచ్చలేదు. అభిప్రాయభేదం తప్పు కాదు. అయితే ఆ హామీ చూసి ఓటేసిన ప్రజల తీర్పును ఎవరూ ఎన్నుకోని 250 మంది తిప్పికొట్టగలగడమే అక్కడి అసలు జబ్బు.

అది రాజకీయమైన అడ్డు. చట్టపరమైనది పక్కనే సిద్ధంగా ఉంది. మీడియా సంస్థలో వాటా ఉన్నవాడు పోటీకి అనర్హుడన్నది వాళ్ల నియమం. పీటా తండ్రి ఆస్తిలో ఐటీవీ అనే టీవీ కంపెనీ షేర్లు 42,000 ఉన్నాయి. కంపెనీ మొత్తం షేర్లలో అది 0.0035 శాతం. ఆ ఛానెల్ ప్రసారాలు ఆగిపోయింది 2007లో. పదహారేళ్ల కిందట మూతపడ్డ ఛానెల్ వాటా సాకుతో, ప్రధాని ఓటింగుకు ఒక రోజు ముందు, జులై 12న ఎన్నికల సంఘం రాజ్యాంగ న్యాయస్థానానికి ఎక్కింది. జులై 19న ఆయన పేరును రెండోసారి ప్రతిపాదించవచ్చా లేదా అని సభలో వాదన నడుస్తుండగానే సభ్యత్వం సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. పీటా లేచి, ఎంపీ గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, సభ నుంచి వెళ్లిపోయారు. ఒకసారి ఓడిన ప్రతిపాదనను మళ్లీ తేకూడదని సభ ఆ రోజే తేల్చేసింది.

ఎన్నిక జరిగిన నూరో రోజున, ఆగస్టు 22న, ఫ్యూ థాయ్ పార్టీ అభ్యర్థి స్రెట్టా థవీసిన్ ప్రధాని అయ్యారు. ఎన్నికల్లో తాము ఎవరి మీద పోరాడారో ఆ సైనిక పక్షపు పార్టీలనే కలుపుకొని. 2024 జనవరి 24న అదే న్యాయస్థానం ఐటీవీ మీడియా సంస్థగా పనిచేయడం లేదని, పీటా సభ్యత్వం చెల్లుతుందని తీర్పిచ్చింది. సంతోషమే. మరి ఆ జులై ఎవరు తిరిగిస్తారు? ప్రధాని కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చుని ఉన్నారు. ఏడు నెలలైనా గడవకుండానే, ఆగస్టు 7న, పార్టీనే రద్దు చేసి పీటాతో పాటు మొత్తం 11 మంది నాయకులను పదేళ్లు రాజకీయాలకు దూరం పెట్టారు. ఇంకో వారానికి స్రెట్టా పదవి కూడా అదే న్యాయస్థానం చేతుల్లో పోయింది. 2008 నుంచి అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇంటికి పంపిన ప్రధానులు అయిదుగురు. వారిలో సమక్ సుందరవేజ్ చేసిన నేరం టీవీలో వంట కార్యక్రమం చేసి డబ్బు తీసుకోవడం. నవ్వొస్తుంది గానీ, ఆ వంటకు పోయింది ఒక దేశపు ప్రభుత్వం.

థాయిలాండ్‌తో మనకు పోలికేమిటి అనవచ్చు. మన దగ్గర నియమిత సెనేటర్లు లేరు, సైన్యం బ్యారక్‌లలోనే ఉంటుంది, నిజమే. ప్రధాని కావడానికి మన రాజ్యాంగం పెట్టిన షరతులు కొన్నే. లోక్‌సభ విశ్వాసం ఉండాలి, ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ లేరు. ఆ నవంబరులో మా నంద్యాల ఆయన్ను 5.8 లక్షల పైచిలుకు మెజారిటీతో పంపింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తన పార్టీ అభ్యర్థినే నిలపలేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటేయవచ్చా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేసిన స్పీకర్ మన అమలాపురం బాలయోగి. ప్రభుత్వం పోయింది, అయినా పోవాల్సిన చోటే పోయింది, సభలో. 2004లో సోనియా గాంధీకి చట్టం అడ్డు రాలేదు. ఆమె పౌరసత్వంపై వేసిన సవాలును సుప్రీంకోర్టు 2001లోనే కొట్టేసింది. అడ్డొచ్చింది రాజకీయం. ఆ నిర్ణయం ఆమెదీ, ఆమె పార్టీదీ. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా అందులో పోలీసు లేడు. ఇన్నేళ్లలో ప్రధాని కుర్చీకీ ఠాణాకూ మధ్య దారి వేయని దేశం ఇది. ఈ బిల్లు ఆ దారి వేస్తోంది.

ఈ విషయం మిగతా రాష్ట్రాల సభ్యులకు చెప్పాలంటే పుస్తకాలు విప్పాలి. మీకు మన ఇంటి సంగతులు చాలు.

వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి 2012 మే 27న అరెస్టయి దాదాపు 16 నెలలు చంచల్‌గూడ జైల్లో ఉన్నారు. ఆ కేసుల విచారణ ముగియకుండానే 2019లో రాష్ట్ర ప్రజలు ఆయన పార్టీకి 175లో 151 స్థానాలిచ్చారు. నారా చంద్రబాబు నాయుడిని 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున మా నంద్యాలలోనే అరెస్టు చేశారు. రాజమహేంద్రవరం జైల్లో 50 రోజులకు పైగా ఉంచారు. ఆయనపై దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలా వద్దా అన్నదానిపై 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా తీర్పిచ్చారు. ఆ చిక్కు తేలకముందే జూన్ 12న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు; కూటమికి వచ్చినవి 164. ఇద్దరిలో ఎవరిది తప్పో, ఎవరిది కక్షో నేను తేల్చను. కేసులు తెలిసే ఓటర్లు ఓటేశారు. ఇద్దరూ ప్రమాణం చేసేనాటికి బెయిలు మీద ఉన్నారు. జగన్ బెయిలు రద్దు చేయమని ఆయన పదవిలో ఉండగానే, 2021లో, పిటిషన్ పడింది. సీబీఐ కోర్టు కొట్టేసింది. కొట్టేయకుండా ఉంటే? ఈ బిల్లు అప్పటికే చట్టమై ఉంటే? 151 స్థానాల తీర్పు నెల రోజుల్లో కాగితం అయిపోయేది. 164 స్థానాల తీర్పుకైనా ఇదే ప్రమాదం.

మీలో కొందరు "ఇది పదవిలో ఉన్నవారికే కదా, గెలిచి ప్రధాని కాబోయేవారికి ఏం ఇబ్బంది?" అంటున్నారని విన్నాను. బిల్లు భాష ప్రకారం అంతే. అయితే ప్రమాణం చేసిన మర్నాడు అరెస్టు చేయకూడదని అందులో ఎక్కడా లేదు. పాత కేసులో బెయిలు రద్దు చేయించడానికి పట్టేది ఒక పిటిషన్. పీటాకు 2007లో మూతపడ్డ టీవీ కంపెనీ అడ్డొచ్చింది. మన నాయకుల్లో పాత కేసు లేనివారెవరో మీరే వేళ్ల మీద లెక్కపెట్టండి.

1984 సంగతి పెద్దవారికి చెప్పనక్కర్లేదు, చిన్నవారి కోసం రెండు మాటలు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 16న, ఎన్టీ రామారావును గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు. సభలో బలం చూసుకునే అవకాశమైనా ఇవ్వలేదు. అదే రోజు నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. చక్రాల కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రి వెంట 160 మందికి పైగా శాసనసభ్యులు రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి తలలు లెక్కపెట్టుకోమన్నారు. రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అంటే 31 రోజులకు. ఆ నెల రోజులూ ప్రజలు వీధుల్లో నిలబడబట్టి పదవి తిరిగొచ్చింది. ఈ బిల్లు చట్టమైతే 31వ రోజున జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. అప్పుడు రాంలాల్ చేసింది రాజ్యాంగ విరుద్ధమని కేకలేయగలిగాం. ఇకమీదట అలా అనడానికీ ఉండదు, రాజ్యాంగంలోనే రాసి ఉంటుంది కాబట్టి.

ఇందువల్ల మామూలు జనానికి కలిగే నష్టాలు నాకు కనిపిస్తున్నంత వరకు ఇవి.

1. మంత్రి పోతే ఒక్కడు పోతాడు. ప్రధాని గానీ ముఖ్యమంత్రి గానీ పోతే మంత్రివర్గం మొత్తం పోతుంది. కొత్తవారు వచ్చి, శాఖలు పంచుకుని, పేషీలు సర్దుకుని, పాత ఫైళ్లు మళ్లీ మొదటి నుంచి అడుగుతారు. ప్రతిసారీ రెడ్డొచ్చె మొదలాడె. థాయిలాండ్‌లో 2023 అక్టోబరు 1న మొదలవ్వాల్సిన బడ్జెట్ 2024 ఏప్రిల్‌లో గానీ అమల్లోకి రాలేదు. మన దగ్గర అలా జరిగితే ఆగేవి కాంట్రాక్టర్ల బిల్లులు ఒక్కటే కాదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రులకు బకాయిలు ఆగుతాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది, సర్టిఫికెట్ల కోసం కాలేజీ గుమ్మం దగ్గర నిలబడేది విద్యార్థి.

2. 30 రోజుల గడువు అంటే క్యాంపు రాజకీయాలకు ముహూర్తం పెట్టినట్టే. అరెస్టయిన రోజు నుంచి తర్వాతి నాయకుడు ఎవరన్న బేరం మొదలవుతుంది. 1984లో మన శాసనసభ్యులను కర్ణాటకకు తీసుకెళ్లి దాచుకోవాల్సి వచ్చింది. ఆ నెలలో మీ ఊరి కాలువ గండి గురించి చెప్పుకోవడానికి మీ ఎమ్మెల్యే ఫోను ఎత్తరు.

3. ప్రధాని కూడా ఈ చట్టం కిందికి వస్తారు కదా, ఇంకేం కావాలి అని హోంమంత్రి అన్నారు. సీబీఐ ఉండేది ప్రధాని చూసే సిబ్బంది వ్యవహారాల శాఖ కింద. ఈడీ ఉండేది కేంద్ర ఆర్థిక శాఖ కింద. తన చేతి కింది అధికారి తననే అరెస్టు చేసి నెల రోజులు ఉంచుతాడని ఏ ప్రధానీ భయపడడు. భయపడాల్సింది ఎదుటి పక్షపు ముఖ్యమంత్రులు, సంకీర్ణంలోని చిన్న పార్టీలు. రాష్ట్రానికి నిధులు అడగడానికి ఢిల్లీ వెళ్లే ముఖ్యమంత్రి జేబులో పాత కేసు ఉంటే గొంతు ఎంత లేస్తుందో ఆలోచించండి. పోలవరం, విభజన హామీలు అడగాల్సింది ఆ గొంతే.

4. దీనికి రెండో వైపు కూడా ఉంది, అధికార పక్షంవారు చూడాల్సింది. 361వ అధికరణం అరెస్టు నుంచి కాపాడేది రాష్ట్రపతిని, గవర్నర్లను. ప్రధానికి ఆ రక్షణ లేదు. పోలీసు రాష్ట్రాల చేతిలోని వ్యవహారం. రేపు పంతం పట్టిన ఒక రాష్ట్ర ప్రభుత్వం అయిదేళ్ల సెక్షన్ కింద ప్రధాని మీదే కేసు పెడితే? జరగదంటారు. జరగదనుకున్నవి జరిగిన రాష్ట్రం మనది.

5. కస్టడీ నుంచి విడుదలయ్యాక మళ్లీ పదవి ఇవ్వవచ్చని బిల్లు అంటోంది. ఇవ్వవచ్చు, అంతే. ఇవ్వాలని లేదు. పి.వి. నరసింహారావుకు 2000లో కింది కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. కోర్టు పూర్తి విచారణ చేసి ఇచ్చిన తీర్పే రెండేళ్లకు నిలవకపోతే, విచారణే మొదలుకాని రిమాండు మీద ప్రజల తీర్పును తాకట్టు పెట్టడం ఏ న్యాయం?

ఇప్పుడు మీరు చేయగలిగినవి, చేయాల్సినవి. రాజ్యాంగ సవరణకు సభకు హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. 543 మందీ ఓటేస్తే 362. 2024 ఎన్నికల్లో అధికార కూటమికి వచ్చినవి 293. కాబట్టి 42 ఓట్లు చిన్న సంఖ్య కాదు. అందులో 16 తెలుగుదేశానివి, 11 భాజపావి, 8 కాంగ్రెస్‌వి, 4 వైకాపావి, 2 జనసేనవి, 1 మజ్లిస్‌ది. కూటమిలో ఉన్నవారు కూటమిలోనే ఉండి అడగవచ్చు, సవరణలు అడగడం ద్రోహం కాదు.

1. అరెస్టును కాదు, కోర్టు అభియోగాలు నమోదు చేయడాన్ని కొలమానంగా పెట్టించండి. అయిదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో అభియోగాలు నమోదైతే పోటీకి అనర్హుణ్ణి చేయాలని లా కమిషన్ 2014లో తన 244వ నివేదికలో చెప్పింది. అందులోనే ఒక కట్టుబాటు కూడా పెట్టింది: నామినేషన్ల పరిశీలనకు ముందు ఏడాది లోపల నమోదైన అభియోగాలను లెక్కలోకి తీసుకోకూడదని. ఎన్నికల ముందు పుట్టుకొచ్చే కేసుల గురించి వారికి బాగానే తెలుసు. ప్రభుత్వం తన కమిషన్ నివేదికను తానే పక్కన పెట్టి అంతకంటే నాసిరకమైన పద్ధతి ఎందుకు ఎంచుకుందో, బిల్లును పరిశీలనకు పంపిన పార్లమెంటు సంయుక్త సంఘంలో అడిగించండి.

2. అందుకు ఒప్పుకోకపోతే, కనీసం 30వ రోజు లోపల హైకోర్టు ధర్మాసనం ఒకటి కేసులో ప్రాథమిక ఆధారాలు ఉన్నాయో లేదో చూసి, కారణాలు రాసి తేల్చాకే పదవి పోవాలని చేర్చమనండి. రిమాండు పొడిగింపు కాగితం మీద ముఖ్యమంత్రులు, ప్రధానులు మారకూడదు.

3. జైలు నుంచి పాలన సాగకుండా చేయడానికి పదవి ఊడబీకడం ఒక్కటే మార్గం కాదు. కస్టడీలో ఉన్నన్నాళ్లు అధికారాలు మంత్రివర్గంలోని మరొకరికి తాత్కాలికంగా బదలాయించి, విడుదలైన రోజున వెనక్కి వచ్చేలా రాయించండి. మంత్రివర్గం నిలుస్తుంది, ఫైళ్లు నడుస్తాయి, ఢిల్లీ బడి పిల్లల్లాంటి వారికి పుస్తకాలూ అందుతాయి.

4. ప్రజాప్రతినిధుల మీద పెట్టిన కేసులు, అరెస్టులు, కస్టడీలో గడిచిన రోజులు, శిక్షలు, కొట్టివేతలు అన్నీ సంస్థలవారీగా ఏడాదికోసారి పార్లమెంటు ముందు పెట్టడం తప్పనిసరి చేయించండి. కక్షతో పెట్టిన కేసని కోర్టు తేలిస్తే ఆ అధికారికి ఏమవుతుందో కూడా బిల్లులోనే ఉండాలి.

5. బిల్లు తెలుగు ప్రతిని ప్రచురించి విజయవాడలో, హైదరాబాద్‌లో అభిప్రాయాలు వినేలా చూడండి. తెలుగులో చెప్పే సాక్ష్యం కూడా సాక్ష్యమే.

6. ఓటింగు రోజున విప్, అంటే పార్టీ చెప్పినట్టే ఓటేయాలన్న ఆదేశం, జారీ చేయవద్దని మీ పార్టీ అధ్యక్షులను కోరండి. విప్ మీరితే సభ్యత్వమే పోయే పరిస్థితిలో రాజ్యాంగాన్ని మార్చే ఓటు వేయించకూడదు. 1999లో బాలయోగి ఒక సభ్యుడి మనస్సాక్షికి ఇచ్చిన గౌరవం 2025 తర్వాత 42 మందికి ఇవ్వడానికి ఏం అడ్డు?

ఈ లేఖ ప్రతిని మీ అందరి ఢిల్లీ చిరునామాలకు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపుతున్నాం. మాకు కావలసింది మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు. బిల్లును ఉన్నదున్నట్టుగా సమర్థిస్తారా? పై ఆరింటిలో వేటిని మీరు కోరతారు? విప్ లేకపోతే ఎటు ఓటేస్తారు? వచ్చిన జవాబులను అక్షరం మార్చకుండా మా ఊరి శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డులో సభ్యుల పేర్లతో సహా అతికిస్తాం. రాని జవాబుల ఎదుట ఖాళీ గడి ఉంచుతాం.

భవదీయుడు,
విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
నంద్యాల